మూకుడెక్కిన కొర్ర

మొఘల్‌పురాలో నాగమణమ్మ దుకాణం పావురాలకు కూడా తెలుసని అక్కడివాళ్లు వేళాకోళమాడతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. పొద్దున్నే ఆమె షట్టర్ ఎత్తగానే ఎదురింటి పిట్టగోడ మీద నుంచి నాలుగైదు పావురాలు దిగి, తమ సొంత దుకాణమైనట్టు గడప ముందు తిరుగుతాయి. ఆమె ముందు వాటిని చీపురుతో అదిలిస్తుంది, తరువాత నాలుగు తిట్లు తిడుతుంది, ఆ పైన గుప్పెడు సజ్జలు చల్లుతుంది. ఈ వరుస ఏ రోజూ తప్పదు.

ఆమె అమ్మేది పిట్టల దాణా. పావురాలకు సజ్జలు, జొన్నలు. పంజరంలో పెంచుకునే చిన్న పిట్టలకు కొర్రలు. వాటిని అక్కడ ఎవరూ కొర్రలనరు, కంగ్నీ అంటారు. పాతబస్తీలో పావురాలు పెంచేవాళ్ల పిచ్చి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంట్లో తాము ఏ బియ్యం తింటున్నారో పట్టించుకోరు కానీ, కబూతర్ నోటికి పోయే ప్రతి గింజనూ వేళ్లతో నలిపి, నోట్లో వేసుకుని మరీ చూస్తారు. పుచ్చు కనబడితే సంచి తెచ్చి గుమ్మంలో కుమ్మరించి పోయేంత పౌరుషం. అలాంటివాళ్లు సంతోష్‌నగర్ నుంచి కూడా ఈ గల్లీ వెతుక్కుంటూ వస్తారంటే ఆ దాణాలో ఏదో విశేషం ఉన్నట్టే కదా.

ఆ విశేషం ఇంటి గుట్టు. నాగమణమ్మ కోడలిగా వచ్చిన ఏడాదే అత్తగారు ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది. బస్తా విప్పిన గింజలను ముందు చేటతో చెరగాలి. తరువాత పెద్ద ఇనుప మూకుడు పొయ్యి మీద పెట్టి, గింజలను కొద్దికొద్దిగా వేస్తూ చేత్తో తిప్పుతూ వేడి చేయాలి. రంగు మారకూడదు, మాడు వాసన రాకూడదు. గింజ అరచేతికి చురుక్కుమనగానే దించేయాలి. అంతే, ఇక ఆ గింజకు పురుగు పట్టదు, నెలలు గడిచినా పిండి రాలదు. భర్త బాలకిషన్ గల్లా దగ్గర కూర్చుంటే, ఇన్నేళ్లూ మూకుడు దగ్గర కూర్చున్నది ఆమే. ఆయన పోయాక రెండు చోట్లా ఆమే కూర్చుంది. కొడుకు శ్రవణ్‌కుమార్ పెళ్లయి, పిల్లల తండ్రయి, దుకాణం లెక్కలన్నీ చూసుకుంటున్నా మూకుడు మాత్రం అతని చేతికి రాలేదు. చెయ్యి చురుక్కుమనడమంటే ఏమిటో మొగోళ్లకు తెలియదని ఆమె తీర్పు.

ఇంతా చేసి, నలభై ఏళ్లుగా గింజలమ్మే ఈ మనిషి చేను గట్టు తొక్కలేదు. యాదగిరిగుట్టకు పోతుంటే బస్సు కిటికీలోంచి కనబడే పచ్చదనమంతా ఆమెకు ఒక్కటే పంట. కొర్రకు కంకి ఎలా ఉంటుందో చెప్పమంటే మాట మార్చేసేది.

ఆరుద్ర కార్తె మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ దుకాణం ముందుకు ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ఎండకు కమిలిన మొహం, మోచేతుల దాకా ఎర్రమట్టి రంగు. పక్కన ఆమె కూతురు కళావతి. కళావతి నాగమణమ్మకు తెలిసిన మనిషే. సంతోష్‌నగర్‌లో ఉంటుంది, భర్తకు కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పని. పిల్లలు పెంచుకునే రంగుపిట్టలకు నెలనెలా ఇక్కడే కంగ్నీ కొంటుంది. వచ్చిన ఆవిడ ఎవరినీ అడగకుండా, ఎవరినీ చూడకుండా నేరుగా కొర్రల బస్తాలోకి చెయ్యి దూర్చింది. బస్తాలో చెయ్యి పెట్టినవాళ్లను నాగమణమ్మ ఊరికే వదలదు. నోరు తెరవబోయింది కూడా. కానీ ఆ మనిషి గింజలను దోసిట్లోకి తీసుకుని చూస్తున్న తీరు చూసి ఆగిపోయింది. తప్పిపోయిన పిల్ల బజారులో కనబడితే తల్లి అలా చూస్తుంది.

ఆవిడ పేరు ఆగమ్మ. కల్వకుర్తి తొవ్వలో, ఆమన్‌గల్లు దాటాక లోపలికున్న ఊరు. రెండెకరాల ఎర్రచెల్క, వాన తప్ప వేరే నీళ్లెరుగని నేల. భర్త కిందటేడు పోయాడు. ఆ ఏడే మొదటి వానకు నమ్మి పత్తి గింజ పెడితే, ఆ తరువాత మబ్బు మొహం చాటేసింది, మొక్క మాడిపోయింది. బావ నర్సింహ పక్క చేను వాడే. ఒంటి ఆడదానితో సేద్యం కాదని, ఈ వానకారు కూడా చేను బీడు పడితే ఇక ఆ చెల్కను తనకు ఒప్పజెప్పాలని పదిమందిలో అనేశాడు. ఆగమ్మకు అప్పుడు గుర్తొచ్చింది కొర్ర. అత్త బతికున్న రోజుల్లో ఆ చెల్కలో కంది సాళ్ల నడుమ కొర్ర ఉండేదట. రెండు వానలు తాగితే చాలు, పంటకొచ్చేస్తుందట. వాన ఆగిపోతే ఆకు ముడుచుకుని ఓర్చుకుంటుంది, చినుకు పడగానే మళ్లీ లేస్తుందట. కానీ ఊరంతా పత్తి, మక్క అయిపోయాక కొర్ర విత్తనం దాచుకున్న ఇల్లే లేకుండా పోయింది. పెద్ద దుకాణాల్లో దొరికేది పొట్టు తీసిన కొర్ర బియ్యం. బియ్యం మొలుస్తాయా? ఆ దిగులుతోనే కూతురిని చూసి పోదామని వస్తే, పంజరంలో పిట్ట ముందు గిన్నెలో పొట్టుతో సహా నిగనిగలాడుతూ కొర్ర కనబడింది. అది కంగ్నీ అమ్మా, పిట్టల దాణా అని కూతురు చెబుతూనే ఉంది, తల్లి చెప్పులేసుకుని గడప దిగేసింది.

"ఇది పొట్టు తీయని కొర్రనే గదా సేటమ్మా?" అని అడిగింది ఆగమ్మ.

"తీయనిదే. పిట్టలకు పొట్టు తీసి ఎవలు పెడ్తరు?" అంది నాగమణమ్మ.

అడగాల్సింది ఆమె అడిగింది, చెప్పాల్సింది ఈమె చెప్పింది. ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు. అసలు అడగాల్సిన ఇంకో మాట ఒకటుందని ఇద్దరికీ తట్టలేదు. మూకుడు సంగతి బయటివాళ్లకు చెప్పేది కాదు గనుక ఈమె చెప్పలేదు, గింజను ఎవరైనా పొయ్యి మీదికెక్కిస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

పైగా ఆమె కథంతా విని, విత్తనానికేనని తెలిశాక నాగమణమ్మకు ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తనలాగే మొగుడు పోయి, తనలాగే ఒంటి చేత్తో నెట్టుకొస్తున్నది. పిట్టలకు అమ్మే సరుకే అంత శుభ్రంగా ఇస్తాం, భూమిలో వేసేదానికి ఇంకెంత శుభ్రంగా ఉండాలి? తల్లీకూతుళ్లకు చాయ్ తెప్పించి కూర్చోబెట్టింది. లోపలికి పోయి, వేడి చేసి పెట్టిన మంచి కొర్రనే తీసి, పుణ్యానికి పోయినట్టు మరోసారి మూకుడెక్కించింది. ఈసారి కొంచెం ఎక్కువ సేపే తిప్పింది. చల్లారాక మూట కట్టి, కొలత మీద మరో కొలత కొసరు పోసి ఇచ్చింది. ఆగమ్మ మూటను కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా నాగమణమ్మ ఎవరినీ తిట్టలేదు.

వారం రోజులు ఆమె ఆ సంతోషంలోనే ఉంది. ఆ తరువాత గౌస్ భాయ్ వచ్చాడు. ఆయన నలభై యాభై పావురాల ఆసామి, పాత గిరాకీ. సజ్జలు తూకం వేయించుకుంటూ, మాటల్లో మాటగా, ఊరికి పోయి వచ్చేసరికి కొడుకు ఎక్కడో వేరే దుకాణంలో దాణా కొన్నాడని, అది చూసి ఒళ్లు మండిందని మొదలుపెట్టాడు.

"వాన పడంగనే మేడ మీద ఛత్ అంత మొలకలే అమ్మా. గడ్డి లెక్క లేసింది. మీ దాణాతో ఇన్నేండ్లల్ల ఒక్క మొలక చూడలే. కిత్నా భీ గిరే, ఉగ్‌తాఇచ్ నై. ఎంత పడ్డా మొలవదు. గందుకే మీ దగ్గరికి వస్త."

ఆయన మెచ్చుకున్నాడు పాపం. మేడ శుభ్రంగా ఉంటుందని మెచ్చుకున్నాడు. నాగమణమ్మ చేతిలో తక్కెడ ఒరిగి సజ్జలు గడప మీద ఒలికాయి. కింద పడ్డ సజ్జల మీదికి గడప ముందరి పావురాలు ఎగబడ్డాయి, ఆమె అదిలించలేదు. గౌస్ భాయ్ రెండుసార్లు పిలిస్తే కానీ ఈ లోకంలోకి రాలేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. రెండు తడిగుడ్డలు తీసుకుంది. ఒకదాంట్లో అప్పుడే వచ్చిన బస్తాలోని పచ్చి కొర్ర, ఇంకోదాంట్లో మూకుడెక్కిన కొర్ర మూటగట్టి వంటింటి మూల పెట్టింది. దేవుడి దగ్గర దీపం పెట్టినంత భక్తితో పూటపూటకూ నీళ్లు చిలకరించింది. మూడో రోజు విప్పి చూస్తే, ఒక గుడ్డలో తెల్లటి మొలకలు పోగుల్లా అల్లుకున్నాయి. రెండో గుడ్డలో గింజ గింజలాగే ఉంది. నిగనిగలాడుతూ, శుభ్రంగా, ఒక్క పురుగు లేకుండా.

కళావతి నంబరు శ్రవణ్‌కుమార్ ఫోనులో ఉంది. ఫోను ఎత్తగానే కళావతి ఏడుపు గొంతుతోనే మాట్లాడింది. వాన పడ్డ మర్నాడే అమ్మ తన చేత్తోనే విత్తిందట. ఒక్క మొలకా లేవలేదట. పెదనాయన నర్సింహ, మొగుడు లేని చెయ్యి విత్తనం ముట్టుకుంటే గట్లనే అయితదని ఊరంతా చెబుతున్నాడట. అందరూ అంటే అననీ, అమ్మ కూడా అదే నమ్ముతోందట. అన్నం కలిపి కూడా తన చెయ్యి వంకే చూస్తూ కూర్చుంటోందట.

మూకుడు సంగతి నాగమణమ్మ ఫోనులో చెప్పలేకపోయింది. మంచి విత్తనం తెస్తున్నానని మాత్రం చెప్పి ఫోను పెట్టేసింది. అప్పుడు ఇంట్లో లొల్లి మొదలైంది. పచ్చి కొర్ర మూట కట్టి కళావతి చేతికిస్తే ఆమే తీసుకుపోతుంది కదా, దీనికి నువ్వెందుకు పోవడం అని శ్రవణ్‌కుమార్. ఆ మాట తప్పు కాదు. కానీ తల్లి అక్కడికి పోయి ఏం చెప్పబోతోందో అతనికి అర్థమయ్యే ఉంది. మూకుడు సంగతి ఒక్కసారి బయటపడితే ప్రతి దాణా దుకాణంలోనూ పొయ్యి వెలుగుతుంది. తాతల నాటి పేరు గాలికి పోతుందని అతని భయం.

"విత్తనం ఎవలన్న తీస్కపోతరు బిడ్డా," అంది ఆమె. "ఆమె మీద పడ్డ మాట ఎవలు తీస్తరు? పెట్టింది నేను, నేనే పోయి తియ్యాలె."

మర్నాడు పొద్దున్నే కొడుకే తల్లిని, తోడు వచ్చిన కళావతిని కల్వకుర్తి బస్సులో ఎక్కించి, సామాను పైన పెట్టి, కళావతికి వందసార్లు జాగ్రత్తలు చెప్పి దిగాడు.

దారి పొడవునా నాగమణమ్మ చేన్లనే చూస్తూ కూర్చుంది. అదేం పంట, ఇదేం పంట అని కళావతిని అడుగుతూనే ఉంది. ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఆగమ్మ ఇంట్లో లేదు, చేనులో ఉంది. చెప్పుల కిందికి ఎర్రమట్టి అంటుకుంటుంటే నాగమణమ్మ ఆయాసపడుతూ నడిచింది. మొన్న ఒక జల్లు పడి నేల ఇంకా తడిగానే ఉంది. నర్సింహ పక్క చేనులో ఇద్దరు మనుషులతో గుంటక తోలిస్తున్నాడు. పట్నం నుంచి ఎవరో వచ్చారని చూసి అతనూ గట్టు దగ్గరికొచ్చాడు. ఆగమ్మ సాలు పక్కన గొంతుక్కూర్చుని మట్టి గెలుకుతోంది. లేచి, చీర కొంగు సవరించుకుని, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మొదట తన చేతినే నిందించుకుంది. నువ్వు ప్రేమగా ఇచ్చిన విత్తనాన్ని నేను ఖరాబు చేసిన సేటమ్మా అంది. ఆ మాట వినేసరికి నాగమణమ్మకు నిలబడ్డ చోటే భూమి చీలితే బాగుండుననిపించింది. దారంతా కూడదీసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. చెప్పవలసిన నాలుగు ముక్కలే చెప్పింది. పురుగు పట్టకుండా మా ఇంట్లో గింజను మూకుట్లో వేడి చేస్తామని, మీకిచ్చింది రెండుసార్లు వేడి చేసిందని, అది ఎవరు విత్తినా మొలవదని. నర్సింహకు వినపడాలని కొంచెం గట్టిగానే చెప్పింది.

ఆగమ్మ పిడికిలి విప్పింది. మట్టిలోంచి ఏరిన కొర్ర గింజలు అందులో ఉన్నాయి. వేసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"గింజలు గాదు సేటమ్మా," అంది చివరికి. "నా అదనునే వేపినవ్ నువ్వు."

తెలియక చేశానని అనొచ్చు, మంచికే పోయానని అనొచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నాగమణమ్మ తలవంచుకుని ఆ మాట పడింది. ఇంకో నాలుగు అన్నా పడేదే. ఆగమ్మ అనలేదు, అదే ఆమెకు ఇంకా కష్టమనిపించింది.

నర్సింహ గొంతు సవరించుకుని, అయితే లోపం ఇత్తనంలనే ఉన్నదన్నమాట అన్నాడు. అంత సులభంగా తప్పించుకుంటే నాగమణమ్మ ఊరుకునే మనిషా? తన మీద పడ్డప్పుడు నోరు పెగలలేదు కానీ ఇప్పుడు పెగిలింది. లోపం విత్తనానిది కాదు, నాది అంది. ఇన్ని దినాలు ఆమె చేతిని అన్న మాట మీరు మింగాలె అంది. బాలకిషన్ పోయిన పదకొండో నాడు తాను షట్టర్ ఎత్తితే, మొగుడు పోయిన చేతి బోణీ వద్దని ఎదురుగా నిలబడి, ముత్తైదువైన కోడలు వచ్చేదాకా ఆగిన గిరాకీలు ఉన్నారు. ఆ సంగతి ఆమె కొడుక్కి కూడా ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ గట్టు మీద, ముక్కూమొహం తెలియని మనుషుల ముందు చెప్పింది. గుంటక దగ్గరి మనుషులు చేతులు కట్టుకుని విన్నారు. నర్సింహ కాసేపు నేల చూసి, తన ఎడ్లను గుంటక నుంచి విప్పించి, నాగలికి కట్టించి ఈ చేనులోకి తోలించాడు. తప్పయిందని నోటితో అనకపోయినా, ఆ రోజు సాళ్లు తోలించింది అతనే.

పచ్చి కొర్రలో ఇసుక కలిపారు. చిన్న గింజ, ఇసుక కలపకపోతే ఒకచోటే గుంపుగా పడుతుందట. కానీ నాగలి కదిలే వేళకు ఆగమ్మ వెనక్కి తగ్గింది. కూతురిని విత్తమంది. మొగుడున్న చెయ్యి, ఎందుకైనా మంచిదంది. నర్సింహ అన్న మాట అతను మరిచిపోయినా ఆమెలో నాటుకుని ఉంది. కళావతి ఏం చేయాలో తెలియక ఇద్దరి మొహాలూ చూసింది.

నాగమణమ్మ విత్తనం గంప తీసుకెళ్లి ఆగమ్మ చంకన పెట్టింది. "నువ్వే ఎయ్యాలె చెల్లె," అంది. "నాకు ఎయ్యొస్తే నేను గూడ నీ ఎంబడి ఏసేదాన్ని."

ఆగమ్మ సాలులోకి దిగింది. మొదటి పిడికిలి వదలడానికి చాలా సేపు పట్టింది. తరువాత చెయ్యి దారి పట్టింది. నాగలి వెంబడి ఆమె, ఆమె వెంబడి పట్నపు చీరలో, చెప్పులు చేత పట్టుకుని నాగమణమ్మ. ఏం చేయడానికో ఆమెకూ తెలియదు. ఊరికే నడిచింది.

ఆ రాత్రే తిరిగిపోవలసిన మనిషి పోలేదు. మొలక చూసి వస్తానని కొడుక్కి చెప్పింది. దుకాణంలో దాణా అయిపోయింది, గౌస్ భాయ్ రోజూ అడుగుతున్నాడని శ్రవణ్‌కుమార్ ఫోను మీద ఫోను. నువ్వే చేసుకో, చెయ్యి చురుక్కుమనగానే దించు అని ఆమె ఫోనులోనే నేర్పింది. ఆగమ్మ ఇంట్లో జొన్నరొట్టె తిన్నది, కారం ఎక్కువైందని కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆవును చూసి భయపడింది. ఆగమ్మ మొదటి రోజు ముభావంగా ఉంది. రెండో రోజు రొట్టె చేయడం రాని పట్నపు మనిషిని చూసి నవ్వింది. చేను మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. మబ్బు వైపు చూసేవారు, చూడనట్టు మాట మార్చేవారు. మబ్బు ఉట్టిదే, చినుకు లేదు. నేల పైపై ఆరుతోంది. ఇక మొలవకపోతే చేనుతో పాటు ఈ మనిషి కూడా తన చేతిలోనే పోయినట్టు అనుకునేది నాగమణమ్మ.

ఐదో పొద్దున ఆగమ్మ ఆమెను పిలవకుండానే చేనుకు పోయింది. నాగమణమ్మ లేచి చూసుకుని, మొహం కూడా కడుక్కోకుండా వెనకాలే పరుగెత్తింది. గట్టు మీద నిలబడి చూస్తే ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆగమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి కిందికి వంచింది. నేలకు చెంప ఆనించేంత వంగి, పొద్దుకు ఎదురుగా చూస్తే, సాలు పొడవునా సన్నటి పచ్చ గీత. వెంట్రుకల్లాంటి మొలకలు. పక్క సాల్లోనూ అంతే. ఆ పక్క సాల్లోనూ.

"ఇదేనా? గిదేనా కొర్ర?" అని నాగమణమ్మ అడుగుతూనే ఉంది. అంత చిన్నదాన్ని ముట్టుకుంటే ఏమవుతుందోనని చెయ్యి ముందుకు చాపి వెనక్కి తీసుకుంది.

ఆగమ్మ వినడం లేదు. సాలు పక్కన కూర్చుండిపోయింది. భర్త పోయినప్పుడు పదిమందిలో ఏడ్చిన ఏడుపు వేరు. ఇది ఎవరికీ చూపించడానికి కాని ఏడుపు. మట్టి అంటిన కుడి అరచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని నిమురుతూ అంది.

"నా చెయ్యి సచ్చిందనుకున్ననక్కా."